రంగంలో మనకు హామీ ఎవరు?

బర్మాలోని యాంగోన్ నగరంలో మింగళ బజారు 2010 మే 24న తగలబడింది. వందల దుకాణాలు బూడిదయ్యాయి. మళ్ళీ కట్టుకున్నారు, మళ్ళీ సరుకు సర్దుకున్నారు. 2016 జనవరిలో మళ్ళీ అంటుకుంది.

ఆ రెండు మంటల సంగతి విన్నప్పటి నుంచి నన్నొక ప్రశ్న వదల్లేదు. సరుకంతా కాలిపోయిన కొట్టువాడు మర్నాడు ఎవరి దగ్గరికి వెళ్తాడు? బీమా అంటారా, మొదటి మంట నాటికి ఆ దేశంలో ప్రైవేటు బీమా కంపెనీయే లేదు. అవి వచ్చింది 2013లో. బ్యాంకు అంటారా, తాకట్టుకు స్థలమో ఇల్లో చూపించమంటుంది. చిన్న కొట్టువాడికి ఉన్నదల్లా సరుకే, అది కాలిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. నిన్నటిదాకా తనకు అరువు మీద సరుకు వేసిన టోకు వ్యాపారి గుమ్మం తొక్కాలి. పాత బాకీ తీరకుండానే కొత్త సరుకు అడగాలి. ఆయన ఇస్తే కొట్టు తెరుచుకుంటుంది. ఇవ్వకపోతే లేదు.

ఆయన ఎందుకివ్వాలి? ఈ వ్యాసమంతా ఆ ‘ఎందుకు’ గురించే. స్థానిక వ్యాపారులను ప్రోత్సహించాలని, వృత్తి సంబంధాలు పెంచుకోవాలని ఇప్పుడు ప్రతి సభలోనూ అంటున్నారు. విజిటింగ్ కార్డులు మార్చుకుంటారు, వాట్సాప్ గ్రూపు పెడతారు, ఫొటో దిగుతారు. సరుకు కాలిపోయిన రోజున ఆ గ్రూపులో ఎంతమంది ఫోనెత్తుతారో లెక్కపెట్టుకుంటే సంబంధం అంటే ఏమిటో తెలుస్తుంది. మన పల్లెల్లో దీనికి పాత మాట ఉంది: పూచీ. ‘వాడికి నాది పూచీ’ అని నలుగురిలో అనగలిగినవాడు ఒక్కడుంటే చాలు.

బర్మాలో ఆ ఒక్కడు దొరకడం, దొరక్కపోవడం మీదే తెలుగువాళ్ళ నూటయాభై ఏళ్ళ కథ నడిచింది.

మంగళం పలికే పేట

ఆ బజారు ఉన్న పేట పేరు మింగళ తౌంగ్‌న్యున్. నోరు తిరగక కంగారుపడనక్కర్లేదు. మింగళ అంటే మన మంగళమే. పాళీ నుంచి బర్మా భాషలోకి వెళ్ళి కాస్త యాస మార్చుకుంది. అక్కడ ఎదురుపడితే ‘మింగళబా’ అంటారు. ఉదయం నుంచి రాత్రిదాకా ఊరంతా ఒకరికొకరు మంగళం పలుకుతూ ఉంటారన్నమాట. మనకు మంగళం పాడటం అంటే ఇంకో అర్థం కూడా ఉంది గనక, ఆ పేట చరిత్ర తెలిసినవాడికి కొంచెం నవ్వూ వస్తుంది, కొంచెం బాధా కలుగుతుంది.

యాంగోన్ నడిబొడ్డుకు ఆనుకొని ఉత్తరంగా ఉన్న పేట ఇది. ఒక అంచున కండోజీ చెరువు. బ్రిటిష్ వాళ్ళు రాయల్ లేక్స్ అనేవారు. చెరువు పక్కన 1906 నాటి జంతు ప్రదర్శనశాల. అంగ్‌సాన్ స్టేడియం ఇక్కడే. యాంగోన్ సెంట్రల్ రైల్వే స్టేషనూ ఇక్కడే. 1877లో కట్టిన మొదటి స్టేషన్ రెండో ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైతే, అంచెలంచెల బర్మా పైకప్పులతో మళ్ళీ కట్టి 1954లో తెరిచారు. నగరాన్ని చుట్టివచ్చే సర్క్యులర్ రైలు ఇక్కడే బయల్దేరి 46 కిలోమీటర్లు, 39 స్టేషన్లు తిరిగి మళ్ళీ ఇక్కడికే వస్తుంది. తట్టలతో ఎక్కేవాళ్ళు, బుట్టలతో దిగేవాళ్ళు, పెట్టెలోనే కూరగాయలు పంచుకునేవాళ్ళు. అదొక కదిలే సంత. ఇక మింగళ బజారు, యుజనా ప్లాజా: బట్టలు, పౌడర్లు, క్రీములు, మందులు టోకున దొరికే చోట్లు. జిల్లాల నుంచి చిల్లర కొట్లవాళ్ళు వచ్చి ఇక్కడే మూటలు కట్టించుకుంటారు.

టీ కొట్లో కూర్చుంటే పలాటా వస్తుంది, సమూసా వస్తుంది, తోషే వస్తుంది. తోషే అంటే దోసె. ఎవరో ఒక తల్లి పెనం పట్టుకొని సముద్రం దాటింది. ఆమె పేరు పోయింది, దోసె మిగిలింది.

‘ఆడు రంగం ఎల్లిపోనాడు’

యాంగోన్ పాత పేరు రంగూన్. ఉత్తరాంధ్రలో దాన్ని ‘రంగం’ అనేవారు. ఇంటి మగవాడు కనబడకపోతే ‘ఆడు రంగం ఎల్లిపోనాడు’ అనడం మామూలు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పడవల్లో డెక్కు మీద కూర్చొని వెళ్ళేవారు. బర్మా వాళ్ళకు తెలుగువాళ్ళందరూ ‘కొరింగీ’లే. మన గోదావరి పాయ ఒడ్డున, 1839 తుఫానుకు అతలాకుతలమైన కోరంగి అనే చిన్న రేవు పేరు పరాయి దేశంలో జాతి పేరైంది, చివరికి తిట్టు కూడా అయింది.

1920లలో రంగూన్ రేవులో భారతదేశం నుంచి ఏటా మూడు లక్షలకు పైగా మనుషులు దిగేవారు. అంతే మంది కాకపోయినా దాదాపు అంత మందీ తిరిగి ఎక్కేవారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే అందులో సగానికి మించి భారతీయులు. దేశం మొత్తంమీద తెలుగువాళ్ళు లక్షన్నర పైచిలుకు. రేవులో బస్తాలు మోసింది వాళ్ళు, రైసు మిల్లుల్లో ధాన్యం ఎగదోసింది వాళ్ళు, రిక్షా లాగింది వాళ్ళు. పాకీ పని చేసిందీ వాళ్ళే.

వీళ్ళను తీసుకెళ్ళింది ఎవరు? మేస్త్రీ. తెలుగువాడే, తరచూ ఆ చుట్టుపక్కల ఊరివాడే. పంట లేని నెలల్లో ఊళ్ళోకి వచ్చి ఇంటివాళ్ళ చేతిలో బయానా పెట్టేవాడు. స్టీమరు టిక్కెట్టు కొనేవాడు. రంగూన్‌లో దిగాక తలదాచుకునే చోటు చూపేవాడు. ఆ బయానా తీరేదాకా ఆయన ముఠాలోనే పని. కంపెనీ ఇచ్చే కూలి నేరుగా కూలీ చేతికి రాదు. కంపెనీ నుంచి ఓడ సరుకు దించే గుత్తేదారైన స్టీవ్‌డోరుకు, స్టీవ్‌డోరు నుంచి పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ నుంచి ముఠా మేస్త్రీకి, అక్కడి నుంచి కూలీకి. ఒక్కో చేతిలో కొంత రాలుతూ వచ్చేది. 1930లలో ఇ.జె.ఎల్. ఆండ్రూ, ఎ. నారాయణరావు లాంటివాళ్ళు రంగూన్ కూలీల మీద రాసిన పుస్తకాల నిండా ఈ లెక్కలే.

మేస్త్రీని దుర్మార్గుడని తేల్చేస్తే పని సులువవుతుంది గానీ నిజం దొరకదు. అక్షరం రానివాడు, సముద్రం చూడనివాడు ఇంకో దేశం వెళ్ళి పదిరోజుల్లో పనిలో కుదిరాడంటే అది మేస్త్రీ చలవే. ఆయనే వాడి బ్యాంకు, వాడి పాస్‌పోర్టు, జబ్బు చేస్తే డాక్టరు ఖర్చు. కూలీకి తెలిసినవాడు మేస్త్రీ ఒక్కడే, పక్క ముఠావాడు తెలియడు. కంపెనీ దొర మొహం చూడడు. అప్పు పుట్టాలన్నా మేస్త్రీయే, తీర్చాలన్నా మేస్త్రీయే. ఎక్కడానికి నిచ్చెన లాగే ఉంటుంది, నాలుగేళ్ళకు చూసుకుంటే కాలికి గొలుసు.

1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని పని మానేశారు. కంపెనీలు వాళ్ళ చోట బర్మా కూలీలను దింపాయి. ఒప్పందం కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మా కూలీలను పొమ్మన్నాయి. పొట్టకొట్టిన కంపెనీ ఎక్కడో మేడ మీద ఉంది, ఎదురుగా ఉన్నది తెలుగు కూలీ. నాలుగైదు రోజులు రంగూన్ వీధుల్లో నెత్తురు పారింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ఒకే రేవులో, ఒకే బస్తా మోసే ఇద్దరు కూలీలకు ఒకరితో ఒకరికి మాట్లాడుకునే దారి లేకపోవడం ఎంత ఖరీదైన సంగతో ఆ వారం చెప్పింది.

మొఘల్ వీధిలో వడ్డీ

అదే ఊళ్ళో, రేవుకు నడిచివెళ్ళేంత దూరంలో మొఘల్ వీధి. ఇప్పుడు ష్వేబోంథా వీధి అంటున్నారు. అక్కడ తమిళ వడ్డీ వ్యాపారులైన నాట్టుకోట్టై చెట్టియార్ల కొట్లు. వీళ్ళూ మనలాగే బంగాళాఖాతం దాటి వచ్చినవాళ్ళే. కానీ వీళ్ళ సంగతే వేరు.

కుర్రవాడిగా ఉండగానే చుట్టాల కొట్టులో పని నేర్పేవారు. ఎదిగాక ఏజెంటుగా పంపేవారు, మూడేళ్ళకోసారి మార్చేవారు. ఒక ఫర్మువాళ్ళు ఇంకో ఫర్మువాళ్ళ దగ్గర డబ్బు దాచుకునేవారు, అవసరమైతే తెచ్చుకునేవారు. నెలకోసారి అందరూ గుడిలో కూడి ఆ నెల వడ్డీరేటు ఖాయం చేసుకునేవారు. దేవుడి ఎదుట కూర్చొని వడ్డీ మాట్లాడుకోవడం మనకు ఎబ్బెట్టుగా అనిపించవచ్చు. వాళ్ళకు అది అబద్ధమాడకుండా ఉండే ఏర్పాటు. పెద్ద బ్యాంకులు వాళ్ళలో పేరున్న కొద్దిమందికే అప్పిచ్చేవి. ఆ కొద్దిమంది తమవాళ్ళకిచ్చేవారు, వాళ్ళు ఇంకా చిన్నవాళ్ళకు. అలా ఇంపీరియల్ బ్యాంకు డబ్బు ఇరవాడీ డెల్టాలో బురద పొలం దున్నే రైతుదాకా వెళ్ళేది. ఒకడి మంచిపేరు వందమందికి అన్నం పెట్టేది. 1929–30 బ్యాంకింగ్ విచారణ సంఘం లెక్కకట్టి చూస్తే దాదాపు 1,650 ఫర్ములు, 75 కోట్ల రూపాయల పెట్టుబడి తేలింది. ఆనాటి రూపాయి!

కూలీకి ఉన్నది పై నుంచి కిందికి దిగే ఒక్క దారం. చెట్టియారుకు ఉన్నది అడ్డంగా అల్లుకున్న దారాలు. ఒకటి తెగినా మిగతావి పట్టుకుంటాయి. ఈ తేడా చెప్పి, చెట్టియార్లను చూసి నేర్చుకోండని ముగించేయవచ్చు. చాలామంది వక్తలు అదే చేస్తారు కూడా. కానీ తర్వాత జరిగింది దాచిపెట్టి చెప్పేది పాఠం కాదు. 1930లలో బియ్యం ధర పడిపోయింది, రైతు బాకీ తీర్చలేకపోయాడు, పొలం చెట్టియారు పేరు మీదికి వచ్చింది. 1930లో పదమూడు ముఖ్యమైన వరి జిల్లాల్లో నూటికి ఆరు పాళ్ళ భూమి వాళ్ళ చేతిలో ఉంటే, 1937 నాటికి నూటికి పాతిక పాళ్ళయింది. భూమి మీద వాళ్ళకు మోజు లేదు, డబ్బు కావాలి. ఆ మాట రైతుకు చెప్పినా వినడు. స్వతంత్రం రాగానే 1948లో భూముల జాతీయీకరణ చట్టం వచ్చింది. ఆ గుడిలో కూర్చున్నవాళ్ళలో బర్మా మనిషి ఒక్కడూ లేడు. లోపలున్నవాళ్ళకు అది రక్షణ. బయట ఉన్నవాడికి వల అంటే ఏమిటో చేపను అడగాలి.

నోటు చెల్లని రోజు

1941 డిసెంబరులో జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. లక్షల మంది నడిచి అడవులు దాటారు, వేలమంది దారిలోనే పోయారు. ఆ కథ మన కుటుంబాల్లో చాలాసార్లు చెప్పుకున్నదే. రెండోసారి బయల్దేరింది మాత్రం ఇంత చప్పుడు లేకుండా జరిగింది.

1962 మార్చిలో జనరల్ నే విన్ అధికారం పట్టాడు. 1964లో దుకాణాలను ప్రభుత్వం తీసేసుకుంది. పెద్ద కొట్లతో మొదలై చిన్న కిరాణా దాకా వచ్చింది. ఆ మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. బ్యాంకు గడప తొక్కనివాడు, సంపాదన పెట్టె అడుగున దాచుకున్నవాడు ఒక్క రాత్రిలో బికారయ్యాడు. ఆ నాలుగైదేళ్ళలో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు ఓడలెక్కారని అంచనా. తాతల నాడు ఖాళీ చేతులతో వెళ్ళిన వంశం మనవల నాటికి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. విశాఖలో కంచరపాలెం వైపు ‘బర్మా క్యాంప్’ అని ఒక పేట ఉంది. రోజూ బస్సు కండక్టరు ఆ పేరు అరుస్తూనే ఉంటాడు. క్యాంపు ఎవరిదో, ఎందుకొచ్చిందో అడిగేవాళ్ళు తగ్గిపోయారు.

ఇక్కడే ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం. 1969లో కేంద్ర ప్రభుత్వం బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం మద్రాసు కేంద్రంగా ఒక సహకార బ్యాంకు పెట్టించింది. రీపాట్రియేట్స్ కోఆపరేటివ్ ఫైనాన్స్ అండ్ డెవలప్‌మెంట్ బ్యాంక్, నోటికి పట్టనంత పేరు గనక రెప్కో. తిరిగొచ్చినవాళ్ళే వాటాదారులు. మామూలు బ్యాంకు ముందు వాళ్ళ పరిస్థితి ఏమిటో ఊహించండి. ఊళ్ళో ఇల్లు లేదు, పొలం లేదు, పాత ఖాతా లేదు, హామీ సంతకం పెట్టే పొరుగువాడు లేడు. వాళ్ళందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, పోగొట్టుకున్న అనుభవం. దాన్నే అర్హతగా పెట్టిన బ్యాంకు ఇది. యాభై ఏళ్ళు దాటి నేటికీ నడుస్తోంది, ఆంధ్రలోనూ శాఖలున్నాయి. ఇప్పుడు ఎవరి బంగారం మీదైనా అప్పిస్తుంది.

అదే ఏడాది ప్రాంతంలో మద్రాసు బీచ్ స్టేషన్ ఎదుట వరుసగా చిన్న చిన్న కొట్లు వెలిశాయి. అదే బర్మా బజార్. దొంగసరుకు అడ్డా అని పేరుపడింది, రేడియోలకీ టేప్‌రికార్డర్లకీ మన ఊళ్ళ నుంచి కూడా రైలెక్కి వెళ్ళేవారు. సాయంత్రమైతే ఆ పక్కన అతో బళ్ళు. నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లి, చింతపండు రసం చేత్తో కలిపి ఇస్తారు. రంగూన్ నుంచి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే అయినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ బజారు అప్పుతో మాత్రమే నిలబడలేదు. పక్క కొట్టువాడు భోజనానికి వెళ్తే ఈ కొట్టువాడు రెండూ చూసుకున్నాడు. తన దగ్గర లేని సరుకు అడిగితే ‘రెండు కొట్లవతల చూడండి’ అన్నాడు. సంపాదనకు సంబంధించిన సహాయాల్లో ఈ చివరి మాటంత చవకైనదీ, అరుదైనదీ ఇంకోటి లేదు.

మిగిలినవాళ్ళు

అందరూ రాలేదు. యాంగోన్‌లోనూ బగోలోనూ మోన్ రాష్ట్రంలోనూ తెలుగు కుటుంబాలు మిగిలాయి. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీస్. బడి పేరు ఒకటి, ఇంటి పేరు ఒకటి. కొన్నిచోట్ల రాములవారి గుడి, కొన్నిచోట్ల తెలుగు బాప్టిస్టు చర్చి.

1982 పౌరసత్వ చట్టం వీళ్ళ నెత్తిన కూర్చుంది. 1823కు ముందునుంచీ అక్కడున్న జాతులవాళ్ళు పుట్టుకతోనే పౌరులు. మిగతావాళ్ళు కాగితాలు చూపి నిరూపించుకోవాలి. పూర్తి పౌరుడికి గులాబీ రంగు కార్డు, సహ పౌరుడికి నీలం, దరఖాస్తు మీద పౌరుడైనవాడికి ఆకుపచ్చ. చదువు, ఉద్యోగం, ప్రయాణం, వ్యాపారం అన్నింటి దగ్గరా కార్డు చూస్తారు. ముత్తాత స్టీమరు టిక్కెట్టు ఎవరు దాచుకుంటారు? మేస్త్రీ దగ్గర ఉండి ఉంటుంది.

కార్డు అనుమానంగా ఉన్నవాడికి బ్యాంకు అనుమానంగానే ఉంటుంది. అందుకని ఇలాంటి పేటల్లో డబ్బు ఎక్కడ తిరుగుతుందో మనకు తెలిసినదే. ఒకటి తాకట్టు కొట్టు. పెళ్ళాం గాజులు పొద్దున లోపలికి వెళ్ళి పండగ ముందు బయటికొస్తాయి. రెండోది చీటీ. పదిమంది నెలనెలా వేస్తారు, ఒకరు ఎత్తుకుంటారు. బర్మా ఇరుగుపొరుగుకూ ఇలాంటి ఏర్పాటే ఉంది, పేరొక్కటే వేరు. మూడోది హుండీ. థాయ్‌లాండ్‌లోనో మలేషియాలోనో పనిచేసే కొడుకు అక్కడ ఒకరికి డబ్బిస్తే ఇక్కడ ఇంకొకరు తల్లి చేతిలో పెడతారు. బర్మా భాషలోనూ దాన్ని హుండీయే అంటారు. చెట్టియార్లు వెళ్ళిపోయారు, మాట ఉండిపోయింది. నాలుగోది, ఏదీ దొరకనప్పుడు, నెలకు నూటికి పది ఇరవై వడ్డీకిచ్చే ఆసామి.

2011 నవంబరులో బర్మాలో సూక్ష్మరుణ చట్టం వచ్చింది. వడ్డీకి ఏడాదికి నూటికి ముప్పై హద్దు పెట్టారు. ఐదుగురు ఆడవాళ్ళు కలిసి గ్రూపు కడితే, ఒకరికి ఒకరు హామీగా అప్పు. ఈ మాట వినగానే తెలుగువాడికి ఒళ్ళు జలదరించాలి. అంతకు ఏడాది కిందట, 2010 అక్టోబరులో, మన రాష్ట్రం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్ళు, ఇంటిముందు బైఠాయింపులు, ఆత్మహత్యలు. మనకు కొత్త కాదు. అదే ఏడాది ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే సూక్ష్మరుణ సంస్థ వాటాలు మార్కెట్టుకు వచ్చి గిరాకీగా అమ్ముడయ్యాయి. ఉమ్మడి హామీ అన్నది గొప్ప ఆలోచనే. కానీ అప్పిచ్చేవాడు దాన్ని పెట్టించినప్పుడు పక్కింటామె పోలీసవుతుంది. నలుగురూ తమంతట తాము పెట్టుకున్నప్పుడు పక్కింటామె పక్కింటామెగానే ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించాక అదే ఊపులో ఆ జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. అప్పు మాట తర్వాత. ముందు తమ రూపాయి తమ పెట్టెలో పడింది, పుస్తకంలో ఎవరిదెంతో రాసి ఉంది, వారానికోసారి అందరి ముందూ చదివారు. 2000 తర్వాత వెలుగు పథకం, గ్రామ సమాఖ్యలు, 2011లో స్త్రీనిధి, అన్నీ ఆ పుస్తకం మీద నిలబడ్డవే.

నన్నడిగితే తెలుగు రాష్ట్రాలు యాంగోన్ తెలుగువాళ్ళకు పంపగలిగినవాటిలో మొదటిది ఆ పుస్తకం రాసే మనిషి. నిధులు అక్కర్లేదు. కూచిపూడి బృందాన్ని పంపుతాం, సంతోషమే. ఒక సమాఖ్యలో పదిహేనేళ్ళు లెక్కలు చూసిన ఒక శ్రీకాకుళం అమ్మ నెలరోజులు ఆ చర్చి వరండాలోనో గుడి మండపంలోనో కూర్చొని ‘ఇదిగోనమ్మా, ఈ గళ్ళో జమ, ఈ గళ్ళో ఖర్చు, సంతకం రాకపోతే వేలిముద్ర, అంతే’ అని తెలుగులో చెబితే, యాస కూడా కలుస్తుంది. అక్కడి తెలుగు ఆ తీరం నుంచే వెళ్ళింది. అయితే ఆ గ్రూపులో పక్కింటి బర్మా ఆవిడనూ, ముస్లిం కొట్టువాడి భార్యనూ కూర్చోబెట్టాలి. మొఘల్ వీధి చేసిన తప్పు మళ్ళీ చేయడానికి వీల్లేదు.

ఇప్పుడక్కడ

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం తీసుకుంది. బ్యాంకుల ముందు వరసలు, తీసుకునే డబ్బు మీద పరిమితులు. అంతకుముందు డాలరుకు 1,330 చాట్లున్న ధర బజారులో నాలుగు వేలు దాటింది. దిగుమతి సరుకు అమ్మే మింగళ బజారు కొట్టువాడికి పొద్దున ధర సాయంత్రానికి ఉండదు. అరువు ఇచ్చేవాడు భయపడతాడు. నెల తర్వాత వచ్చే అదే డబ్బుకు సగం సరుకే వస్తుందంటే అరువెలా ఇస్తాడు? కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఫేస్‌బుక్ మీద అమ్ముకుంటున్నవాళ్ళు ఎందరో. అధికారం చేతికొచ్చిన నాలుగో రోజునే దాన్ని ఆపారు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చారు. వయసు కుర్రాళ్ళు దేశం దాటుతున్నారు. ఇంకో తరం ‘ఎల్లిపోనాడు’. కొట్లో అమ్మ ఉంటుంది, చెల్లెలుంటుంది.

ఇలాంటి చోట వ్యాపార ప్రోత్సాహం గురించి మాట్లాడటం ఆకాశపంచాంగం చెప్పినట్టు అనిపించవచ్చు. కానీ పైన ప్రభుత్వం, బ్యాంకు, చట్టం ఎంత సన్నబడితే కింద మనిషికీ మనిషికీ మధ్య ఉన్న దారం అంత ముఖ్యమవుతుంది. బజారు కాలిన రోజు ప్రశ్నే ఇప్పుడు దేశమంతా ఉంది.

మనవైపు నుంచి రెండు దారాలు ఇప్పటికే ఉన్నాయి, మనం గమనించకపోయినా. ఒకటి మందులు. బర్మా మందుల దుకాణాల్లో భారతీయ సరుకుదే పెద్ద వాటా. డాక్టర్ రెడ్డీస్ లాంటి హైదరాబాద్ కంపెనీలు అక్కడ అమ్ముతున్నాయి. మింగళ తౌంగ్‌న్యున్‌లో టోకు కొట్టు నుంచి మందుల పెట్టె పట్టుకెళ్ళే చిల్లర కొట్టువాడి ముత్తాత, ఆ మందు తయారుచేసిన కెమిస్టు ముత్తాత ఒకే స్టీమరులో డెక్కు మీద కూర్చొని ఉండవచ్చు. వీళ్ళిద్దరికీ పరిచయం చేసేవాళ్ళు లేరు. కంపెనీకి పంపిణీదారు తెలుసు, పంపిణీదారుకు టోకు వ్యాపారి తెలుసు. ఈ ఏర్పాటు ఎక్కడో విన్నట్టు లేదూ? మేస్త్రీల వరస. తెలుగు చదవగల, బర్మీస్ మాట్లాడగల కుర్రవాడికి ఆ కంపెనీలు శిక్షణ ఇచ్చి గోదాము లెక్కలో, మందుల నిల్వలో పని నేర్పితే అది దానం కాదు, వాళ్ళకే లాభం. పనివాడికి జీతంతో పాటు నలుగురు తెలిసినవాళ్ళు దొరుకుతారు. పదేళ్ళకు వాడే కొట్టు పెడతాడు. చెట్టియారు కుర్రవాడు నేర్చుకున్నదీ ఇలాగే.

రెండోది మినుములు. పప్పుధాన్యాల టోకు వ్యాపారానికి యాంగోన్ ఉత్తరాన ఉన్న బయిన్నాంగ్ బజారు పెద్ద కేంద్రం, కొనేది ఎక్కువగా మనమే. అయిదేళ్ళపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు బర్మా నుంచి తెచ్చుకోవాలని 2021 జూన్‌లో ఒప్పందం కుదిరింది. 2024 జనవరిలో రూపాయి–చాట్ లెక్కలో నేరుగా చెల్లించుకునే పద్ధతికి అక్కడి కేంద్ర బ్యాంకు వీలు కల్పించింది. రాజ్యాల మధ్య దారి పడింది. విజయవాడ పప్పుమిల్లు యజమానికి చెన్నై దిగుమతిదారు తెలుసు. బర్మాలో ఆ మినుములు ఎవరి పొలంలో పండాయో, ఎవరు గ్రేడు చేశారో, బస్తా కుట్టినామె ఏ భాషలో లెక్కపెట్టుకుందో తెలియదు. ఆమె ‘ఒకటి, రెండు, మూడు’ అనే లెక్కపెట్టి ఉండవచ్చు కూడా.

మొన్న మా వీధి కిరాణాలో నిలబడి అడిగాను, ఈ మినపగుళ్ళు ఎక్కడివండీ అని. తూకం వేస్తూనే అన్నాడు, ‘బర్మావండీ, గుళ్ళు బాగుంటాయి, పిండి ఒదుగుతుంది.’

పంపేది ఎవరని అడిగాను. ఆయన కాగితం పొట్లం దారంతో కట్టి, దారం పంటితో తెంపి, నావంక విచిత్రంగా చూశాడు.